చెవిన పడ్డ ప్రశ్నలు

పోయిన నెల ఇదే పేజీలో, నేను అమెరికాలో ఆరేళ్లు పనిచేసిన యూనివర్సిటీ ల్యాబ్ గురించి రాశాను. చెవి జబ్బులు ఎందుకొస్తాయి, లోపల ఏది పాడవుతుంది అని వెతకడమే అక్కడ పని. ఇప్పుడు తిరుపతికి తిరిగొచ్చి పాఠాలు చెప్పుకుంటున్నాను. అది చదివి ఇంతమంది రాస్తారనుకోలేదు, అందరికీ ఒక్క నెలలో జవాబివ్వడం కుదరలేదు, ఏమీ అనుకోకండి. ముందే ఒక మాట. నా పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది కానీ అది పీహెచ్‌డీ డాక్టరు, మందు రాసే డాక్టరు కాదు. మా వీధిలోనే చాలామందికి ఈ తేడా పట్టలేదు, మొన్న ఒకావిడ గేటు దగ్గరే మనవడి తల వంచి, సెల్‌ఫోన్ లైటు వేసి "కాస్త చూడమ్మా" అంది. ల్యాబులో తెలిసింది నేను చెప్తాను, చెవిలోకి చూసి చెప్పాల్సింది మాత్రం ఈఎన్‌టీ డాక్టరే చెప్పాలి.

*మేడమ్, మా బాబుకి ఏడేళ్లు. జలుబు చేసిందంటే చాలు, కుడి చెవిలో చీము కారుతుంది. రెండేళ్లలో ఐదుసార్లు యాంటీబయాటిక్ వాడాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. మా అత్తగారు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తారు, వద్దంటే గొడవ. మీ ల్యాబులో దీనికి మందేమైనా కనిపెట్టారా?*
– ఒక తల్లి, చంద్రగిరి

అమ్మా, చంద్రగిరిలో ఉన్నారు కాబట్టి కొండకి ఎన్నోసార్లు వెళ్లుంటారు. బస్సు ఘాట్ రోడ్డెక్కి కొన్ని మలుపులు తిరిగేసరికి చెవులు మూసుకుపోతాయి కదా, పక్క సీట్లో ఎవరో ఒకరు "గుటక మింగు, పోతుంది" అంటారు, మింగగానే టప్పుమని తెరుచుకుంటాయి. తిరుపతికీ తిరుమలకీ ఎత్తులో దాదాపు 700 మీటర్ల తేడా, అంటే పైకెళ్లేసరికి గాలి ఒత్తిడి సుమారు 8 శాతం తగ్గుతుంది. దానికి తగ్గట్టు కర్ణభేరి వెనక ఉన్న గాలి కూడా సర్దుకోవాలి, సర్దుకోవాలంటే ముక్కు వెనక నుంచి మధ్య చెవిలోకి వెళ్లే ఒక సన్నటి గొట్టం తెరుచుకోవాలి. యూస్టేషియన్ నాళం అంటారు. మీ బాబు కథ మొదలైంది ఈ గొట్టం దగ్గరే.

పెద్దవాళ్లలో ఆ గొట్టం కాస్త పొడుగ్గా, ఏటవాలుగా ఉంటుంది. పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే వాచి మూసుకుపోతుంది, ముక్కులో ఉన్న క్రిములు ఆ దారినే లోపలికి పోతాయి, అక్కడ నీరు చేరుతుంది, చీమవుతుంది, ఒత్తిడి పెరిగి కర్ణభేరికి చిల్లు పడుతుంది. చీము బయటికి కారుతోందంటే సాధారణంగా చిల్లు పడ్డట్టే.

మరి యాంటీబయాటిక్ వాడినా మళ్లీ ఎందుకొస్తుంది? ఈ ప్రశ్న మీద ల్యాబులు చాలా ఏళ్లు కొట్టుకున్నాయి. చిత్రమేమిటంటే చెవిలో నీరు తీసి పరీక్షకు పెడితే చాలాసార్లు క్రిమి పెరిగేదే కాదు, క్రిమి లేదేమో అనుకునేవారు. 2006లో అమెరికా పరిశోధకులు, చెవికి ఆపరేషన్ జరుగుతున్న పిల్లల మధ్య చెవి పొర నుంచి చిన్న ముక్కలు తీసి, కొత్త రకం మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. 50 నమూనాల్లో 46 చోట్ల క్రిములు పాచి కట్టి ఉన్నాయి. నీళ్ల తొట్టి అడుగున జారుడుగా పట్టేది చూశారు కదా, నీళ్లు వంపేసినా పోదు, పీచు పెట్టి రుద్దితే గానీ వదలదు, అచ్చం అదే. బయోఫిల్మ్ అంటారు. మందు పైపైన తిరిగేవాటిని చంపుతుంది, జిగురు కింద ఉన్నవి అలాగే ఉండి మళ్లీ జలుబు కోసం కాచుకుని కూర్చుంటాయి.

దీన్ని పరీక్షించడానికి ల్యాబుల్లో చించిల్లా అనే జంతువును వాడతారు. ఆండీస్ పర్వతాలది, కుందేలుకీ ఉడుతకీ పుట్టినట్టుంటుంది. దాని మధ్య చెవి గది ఒంటికి తగ్గట్టు కాకుండా చాలా పెద్దది, పైగా వినికిడి మనకు దగ్గరగా ఉంటుంది. మా ల్యాబులో మాత్రం నా వంతుకి క్రిములే వచ్చాయి. చాలాకాలంగా చీము కారే చెవుల్లో తరచు దొరికే సూడోమోనాస్ అనేదాన్ని గాజు ప్లేట్లలో పెంచేదాన్ని. పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీస్తే ప్లేట్లన్నీ నీలం కలిసిన పచ్చరంగు తిరిగి ఉండేవి, గదంతా ద్రాక్షపళ్ల వాసన! నిజంగానే దాని వాసన అంతే. మొదటి రోజు నోరూరింది, ఆ తర్వాత రెండేళ్లు నేను ద్రాక్ష ముట్టుకోలేదు.

ఇక మీ మందు సంగతి. ఆ పాచిని కరిగించే మందుల మీద పని నడుస్తోంది, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేంత వరకూ ఇంకా రాలేదు. కానీ ఇప్పటికే తేలిన విషయం ఒకటుంది: చిల్లు పడి ఎప్పుడూ కారే చెవికి మింగే మాత్రల కన్నా చెవిలో వేసే తగిన చుక్కల మందే బాగా పనిచేస్తుంది. "తగిన" అన్నది పట్టుకోండి, ఎందుకంటే జెంటామైసిన్ లాంటివి చిల్లు లోంచి లోపలికి దిగితే వినికిడి నరానికి సంబంధించిన కణాలకే దెబ్బ. షాపతను ఇచ్చిన చుక్కలు వేయకండి. స్నానం చేయించేటప్పుడు దూదికి కాస్త వాజలిన్ రాసి చెవిలో పెట్టండి, చెరువులో ఈతలు కొన్నాళ్లు మానిపించండి. వినికిడి పరీక్ష ఒకటి తప్పకుండా చేయించండి, వినపడని పిల్లవాణ్ని బళ్లో "పరధ్యానం" అని బెంచీ ఎక్కిస్తుంటారు. కారేది కొద్దిగానే ఉండి బాగా కంపు కొడుతుంటే అసలు ఆలస్యం చేయొద్దు. చర్మం ఉండకూడని చోట పెరిగి లోపలి ఎముకల్ని తినేసే కొలెస్టియటోమా అనే జబ్బు అలాగే మొదలవుతుంది, దానికి ఆపరేషన్ తప్ప దారి లేదు.

నూనె విషయం అత్తగారికి ఇలా చెప్పి చూడండి: "అత్తయ్యా, చెవికి చిల్లు ఉందంట, పోసిన నూనె నేరుగా లోపలికి పోతుందంట, ఆ వెల్లుల్లి చారులో వేద్దాం." వినకపోతే ఆ నూనె సీసా డాక్టరు దగ్గరికే పట్టుకెళ్లండి, ఆయన తిడితే వింటారు.

*అక్కా, నేను తిరుపతిలో డీజే సెట్టు వేస్తాను. వినాయక చవితి నిమజ్జనానికి మూడు రాత్రులు వరసగా పనిచేశాక చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత, నాలుగు రోజులుంది. టెస్టు చేయిస్తే అంతా నార్మల్ అన్నారు. కానీ హోటల్లో, పెళ్లిలో పక్కవాడు మాట్లాడేది సరిగా అర్థం కావట్లేదు. ఇది నా భ్రమా?*
– తిరుపతి

భ్రమ కాకపోవచ్చు తమ్ముడూ. నువ్వు చేయించుకున్న పరీక్షలో నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోబెట్టి "బీప్ వినపడితే బటన్ నొక్కు" అంటారు. దాంట్లో నెగ్గిన చెవి కూడా లోపల దెబ్బతిని ఉండొచ్చని 2009లో హార్వర్డ్ పరిశోధకులు షారన్ కుజావా, చార్లెస్ లీబర్‌మన్ ఎలుకల్లో చూపించారు. 100 డెసిబెల్స్ మోత, రెండే రెండు గంటలు. కొద్దిరోజుల్లో ఎలుకల వినికిడి పరీక్షలో మామూలుకి వచ్చేసింది. కానీ చెవిలో శబ్దాన్ని పట్టే కణానికీ నరానికీ మధ్య ఉండే కనెక్షన్లు లెక్కపెడితే, కీచుమనే సన్నటి శబ్దాల్ని వినే భాగంలో దాదాపు సగం పోయాయి, తిరిగి రాలేదు.

లెక్కపెట్టడం అంటే ఏంటో చెప్తాను, ఎందుకంటే నేను ఆ పని రాత్రుళ్లు చేశాను. ఎలుక చెవి లోపలి ఎముక మిరియం గింజ కన్నా చిన్నది. దాన్ని రసాయనంలో నానబెట్టి మెత్తబరిచి, మైక్రోస్కోపు కింద సన్న చిమటాతో పెంకు ఒలిచి, నత్తగుల్లలా చుట్టుకున్న లోపలి పొరను ముక్కలుగా తీయాలి. చేయి కాస్త వణికిందా, ఆ వారం పని గోవిందా. తర్వాత రంగు వేస్తే కణం వైపుది ఎర్ర చుక్క, నరం వైపుది పచ్చ చుక్క. రెండూ జంటగా ఉంటే కనెక్షన్ ఉన్నట్టు, ఎర్ర చుక్క ఒంటరిగా ఉంటే తెగినట్టు. ఒక్కో కణానికి పది నుంచి ఇరవై దాకా ఉంటాయి. పెద్ద మోత విన్న ఎలుక చెవిలో ఆ ఒంటరి చుక్కల్ని చూశాక, నేను ఊళ్లో పెళ్లికి వెళ్తే స్పీకర్ బాక్సులకి ఆమడ దూరంలో కూర్చుంటున్నాను, చుట్టాలు పొగరనుకుంటున్నారు.

మనుషుల్లో ఇది ఎంత జరుగుతోందో బతికున్న చెవిలో కొలిచే పద్ధతి మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన ఉంది. అది తేలేదాకా ఆగకు. అమెరికా పని స్థలాల ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌ని 8 గంటలు తట్టుకోవచ్చు, ప్రతి 3 పెరిగితే టైము సగం, అలా 100 దగ్గరికొచ్చేసరికి 15 నిమిషాలే. నీ సెట్టు పక్కన ఎంతుందో ఫోన్లో యాప్ పెట్టి చూసుకో, కళ్లు తిరుగుతాయి. పాట పాడవకుండా మోత మాత్రం తగ్గించే ఇయర్‌ప్లగ్స్ సంగీతం వాళ్ల కోసం దొరుకుతాయి, కొనుక్కో. ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేస్తే మాత్రం రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి పరుగెత్తు.

*అమ్మా, నగరిలో ముప్పై అయిదేళ్లు పవర్‌లూమ్ మీద పనిచేశాను. ఇప్పుడు నాకు 61. ఇంట్లో టీవీ సౌండ్ గురించి రోజూ పోట్లాటే. చెవిలో నరాలు మళ్లీ మొలిపించే మాత్రలు వచ్చాయని ఫోన్లో ప్రకటన చూశాను, మూడు నెలల కోర్సు అంట. తెప్పించుకోమంటారా?*
– నగరి

వద్దు, అన్నా. డబ్బు దండగ.

అలాంటి మాత్ర లేదు. ఆశ మాత్రం ఉంది, అది ఎక్కడిదాకా వచ్చిందో వినండి. మనిషి ఒక్కో చెవిలో శబ్దాన్ని పట్టే రోమ కణాలు రెండు రకాలు, లోపలి వరసలో సుమారు 3,500, బయటి వరసల్లో సుమారు 12,000. పుట్టేటప్పుడు తెచ్చుకున్నవే, పోతే మళ్లీ రావు. మగ్గాల షెడ్డులో రోజంతా కూర్చుంటే అవి వరసగా నేలకొరుగుతాయి, గాలివానకి వరి పడిపోయినట్టు. అయితే 1980ల చివర్లో అమెరికాలో వేర్వేరు బృందాలు, మోతతో చెడగొట్టిన కోడిపిల్లల, కౌజుపిట్టల చెవుల్లో రోమ కణాలు కొద్దిరోజుల్లో మళ్లీ మొలవడం చూశాయి. ఎవరూ ఊహించలేదు. కోడికి మొలుస్తాయి, మనకు మొలవవు! అప్పటి నుంచి ల్యాబులన్నీ కోడి దగ్గర ఉన్న ఆ కిటుకు ఏంటని వెతుకుతున్నాయి. రోమ కణాల పక్కనే ఆసరాగా ఉండే కణాలు కోడిలో నిద్రలేచి కొత్త రోమ కణాలవుతాయి, మనలో నిద్రపోతూనే ఉంటాయి. 2013లో ఎలుకల్లో ఒక మందుతో కొన్నింటిని నిద్రలేపగలిగారు. ఆ దారిలోనే ఒక అమెరికా కంపెనీ మనుషుల మీద ప్రయత్నించింది, 2023 ఫిబ్రవరిలో ఫలితాలొచ్చాయి: మందు ఇచ్చిన వాళ్లకీ ఉత్తుత్తి మందు ఇచ్చిన వాళ్లకీ తేడా లేదు. కోట్ల డాలర్లు పెట్టిన వాళ్ల వల్లే కానిది మూడు నెలల కోర్సు అమ్మేవాడి వల్ల అవుతుందా? మీ చెవిలో పువ్వు పెడుతున్నాడు.

మీకు కావాల్సింది వినికిడి మిషను. చూపు తగ్గితే కళ్లద్దాలు పెట్టుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు, చెవికి అనేసరికి పెద్దవాళ్లంతా "నాకేం చెవుడు లేదు, మీరే గొణుగుతున్నారు" అంటారు. మా నాన్న కూడా ఇదే డైలాగు. మిషను పెట్టిన మొదటి వారం అన్నీ గోలగా వినిపించి విసుగొస్తుంది, గిన్నెల చప్పుడు కూడా పిడుగులా ఉంటుంది. నెలా రెండు నెలలు ఓపిక పట్టండి, సెట్టింగ్ మార్పించుకోవడానికి రెండు మూడుసార్లు వెళ్లాల్సి వస్తుంది. మీ షెడ్డులో ఇప్పుడు పనిచేసే కుర్రాళ్లకి చెవులకు ఏదైనా పెట్టుకోమని మీరు చెప్తే వింటారు, నేను చెప్తే వినరు.

*మేడమ్, మాది మేనరికం. పాపకి ఏడాదిన్నర, పుట్టు చెవుడని తేలింది. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) చేయించమన్నారు. ఇంతలో చైనాలో జీన్ థెరపీతో పుట్టు చెవిటి పిల్లలకి వినికిడి వచ్చిందని పేపర్లో చదివాం. ఆపరేషన్ లేకుండా నయమయ్యేదుంటే ఆగుదామని మా ఇంట్లో అంటున్నారు. ఇంకో బిడ్డ విషయంలో కూడా భయంగా ఉంది.*
– చిత్తూరు దంపతులు

మీరు చదివింది నిజమే. షాంఘైలోని ఫుదాన్ యూనివర్సిటీ వాళ్లు ఓటోఫెర్లిన్ అనే జన్యువు పాడైన ఆరుగురు పిల్లలకి చికిత్స చేస్తే ఐదుగురికి వినికిడి వచ్చింది, 2024 జనవరిలో లాన్సెట్ పత్రికలో వేశారు. అది చదివిన రోజు మా పాత ల్యాబు వాట్సాప్ గ్రూపులో పండగే. దాని వెనక పని అలాంటిది. జన్యువును కణంలోకి మోసుకెళ్లడానికి ఒక హాని చేయని వైరస్‌ని బండిలా వాడతారు, ఆ బండిలో సుమారు 4,700 జన్యు అక్షరాలు పడతాయి, ఓటోఫెర్లిన్ జన్యువులో పనికొచ్చే భాగం పొడవేమో సుమారు 6,000. మన దగ్గర తోతాపురి మామిడి లోడు ఒక లారీలో పట్టకపోతే రెండు లారీల్లో పంపి ఫ్యాక్టరీ దగ్గర కలుపుతారు కదా, అలా జన్యువును రెండు ముక్కలు చేసి రెండు వైరస్‌లలో పంపి, కణం లోపల అతుక్కునేలా చేశారు. ఇంకో మాట, దీనికీ ఆపరేషన్ థియేటర్ తప్పదు, మందును చెవి లోపలికే ఎక్కించాలి.

కానీ అది ఆ ఒక్క జన్యువు పాడైన వాళ్లకే, పుట్టు చెవుడులో అది చిన్న భాగం. మన దేశంలో తరచు కనిపించేది కనెక్సిన్ 26 అనే వేరే జన్యువు, దానికి ఇంకా ఇలాంటి జీన్ థెరపీ రాలేదు. మీ పాపది ఏదో జన్యు పరీక్ష చేస్తే గానీ తెలియదు. చేయించండి, కానీ రిపోర్టు కోసం ఇంప్లాంట్ ఆపకండి. ఎందుకంటే మాట నేర్చుకునే వయసు మనకోసం ఆగదు. శబ్దం అందని మెదడు ఆ చోటును వేరే పనులకు వాడేసుకుంటుంది, ఆరేడేళ్లకి చెవి బాగుచేసినా మాట అంత తేలిగ్గా పట్టుబడదు. ఏడాదిన్నర అంటే ఇప్పటికే కాస్త ఆలస్యం, అయినా మంచి వయసే. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో చిన్నపిల్లల కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర వయసు నిబంధన, కాగితాలు ఏం కావాలో ఈ వారమే కనుక్కోండి. ఆపరేషన్ సగం పనే, ఆ తర్వాత ఏడాదికి పైగా మాట నేర్పించే థెరపీకి తిప్పాలి. ఎక్కువమంది జారిపోయేది అక్కడే, బస్సు చార్జీలకీ సెలవులకీ విసిగిపోయి.

ఇంకో బిడ్డ గురించి. ఇలాంటి జన్యు చెవుడు ఎక్కువగా అమ్మ దగ్గర ఒక చెడ్డ కాపీ, నాన్న దగ్గర ఒకటి ఉన్నప్పుడు వస్తుంది. మీ ఇద్దరికీ బాగానే వినపడుతుంది, బిడ్డకి రెండూ చెడ్డవే వస్తే చెవుడు. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికంలో ఇద్దరూ ఒకే తాత దగ్గర నుంచి అదే కాపీ తెచ్చుకునే వీలు ఎక్కువ, అంతే తప్ప ఇందులో ఎవరి పాపమూ లేదు, కోడలి జాతకమూ లేదు. గర్భం రాకముందే జన్యు సలహా తీసుకోండి.

బిడ్డ పుట్టగానే ఓఏఈ టెస్టు అంటారు, చెవిలో చిన్న మైక్ పెట్టి నిమిషాల్లో చూసేస్తారు. ఇదీ ల్యాబు పంటే: 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ అనే ఆయన, చెవి వినడమే కాదు, తనే సన్నగా శబ్దం కూడా చేస్తుందని కనిపెట్టాడు, మొదట్లో చాలామంది నమ్మలేదు. ఈ టెస్టుకొక లోపముంది, ఓటోఫెర్లిన్ లాంటి చెవుడు ఉన్న పిల్లలు ఇందులో పాసైపోతారు, ఎందుకంటే శబ్దం చేసే బయటి కణాలు వాళ్లలో బాగానే ఉంటాయి. కాబట్టి మీరు ఓఏఈతో ఆగకుండా, శబ్దం నరం దాటి మెదడు దాకా చేరుతోందా అని చూసే బెరా టెస్టు కూడా చేయించమని అడగండి.

*మీ ల్యాబుల్లో ఎలుకల్ని చంపుతారు కదా. రాత్రి నిద్ర పడుతుందా?*
– శ్రీకాళహస్తి

చంపుతాం. ప్రతిదానికీ ముందు కమిటీ అనుమతి కావాలి, ఎన్ని కావాలో, నొప్పి తెలియకుండా ఎలా చేస్తారో రాసివ్వాలి, మన దేశంలో కూడా అంతే. తగ్గించే దారులూ వెతుకుతున్నారు, జీబ్రా చేప పిల్లల ఒంటి మీదే రోమ కణాలుంటాయి, చేపను కోయకుండానే చూడొచ్చు. నిద్ర సంగతంటారా, మొదటి నెల పట్టలేదు.

*బస్టాండు దగ్గర చెవిలో గుబిలి తీసేవాళ్లు తిరుగుతుంటారు. తీయించుకోవచ్చా?*
– పీలేరు

వద్దండీ. గుబిలి మురికి కాదు, చెవి తన కాపలాకి తానే పెట్టుకున్నది, దవడ ఆడుతుంటే మెల్లగా అదే బయటికొస్తుంది. బడ్స్ పెట్టి తిప్పితే ఇంకా లోపలికి కూరినట్టే. గట్టిపడి చెవి దిబ్బడ వేస్తే ఈఎన్‌టీ దగ్గర ఐదు నిమిషాల పని, వెళ్లేముందు చెవికి చిల్లు ఉన్న సంగతి తెలిసుంటే ఆయనకి చెప్పండి, నీళ్లు కొట్టకుండా వేరేలా తీస్తారు.